కంబళి కింద తడి

"ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు," అంది నా భార్య దీనమ్మ.

ఆ మాట ఆలస్యమైంది. మా లూదియ అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని కంబళి మీద రెండు చేతులూ ఆనించింది.

"అమ్మా, పొడిగా ఉండాది! చూడు, పొయ్యి పక్కన పెట్టి తీసినట్ల ఉండాది."

మా ఇంటి వెనక చింతపండు ఆరబోసే బండ అది. హోసూరు చలికాలం మంచుకు బండంతా నీళ్లు చల్లినట్టు తడిసి నల్లగా మెరుస్తోంది. నడుమ ఆ కంబళి, నిన్న సాయంత్రం దీనమ్మ తన చేతులతో పరిచిన చోటే, పరిచినట్టే ఉంది. బొచ్చు మీద ఒక్క నీటి బొట్టు లేదు.

నేను దూరంగా నిలబడ్డాను. నోట్లో వేపపుల్ల ఉంది.

దీనమ్మ మెల్లగా వంగింది. కంబళి ఒక మూల పట్టుకుని పైకెత్తింది. కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ మూలను జాగ్రత్తగా కిందికి వదిలి, చేతులు కొంగుకు తుడుచుకుంది. ఏదో చెప్పడానికి నోరు తెరిచి, ఆగి, మళ్లీ తెరిచింది.

"పంపిస్తాము," అంది.

"ఏమన్నావమ్మా?"

"నిన్ను పంపిస్తాము అన్నాను. ఇంగెన్నిసార్లు చెప్పాల?"

లూదియ లేచి ఏడుస్తూ తల్లి నడుమును చుట్టేసుకుంది. దీనమ్మ చేతులు మాత్రం కిందికి వేలాడుతూనే ఉన్నాయి.

ఇన్ని వారాలు ఇంట్లో సాగిన యుద్ధం ఒక్క మాటతో ముగిసింది. నాకు కావలసింది అదే. నేను సంతోషించాలి. కానీ బేరం మరీ సులువుగా తెగినప్పుడు సంతోషించే అలవాటు నాకు లేదు.

లూదియ నర్సు చదువుకు పోతానంది. దేవుడు తనతో మాట్లాడాడంది. వేలూరు వైపు ఒక మిషను ఆసుపత్రివాళ్లు సోమవారం ఉదయానికల్లా రమ్మన్నారు. దీనమ్మ పోవద్దంది. ఆమెతో కూడా దేవుడే మాట్లాడాడంది. ఒకే దేవుడు, ఒకే ఇంట్లో, తల్లికొక మాట కూతురికొక మాట చెప్తాడా అని నేను అడిగితే, అంతవరకు మాటల్లేని తల్లీకూతుళ్లు ఏకమై నా మీదికి వచ్చారు.

చివరికి దీనమ్మే పరీక్ష పెట్టింది. పాత నిబంధన కాలంలో ఒకాయన కళ్లంలో గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణి గురుతు అడిగాడు. అలాగే తానూ కంబళి పరుస్తానంది. చుట్టూ బండ తడిసి, కంబళి ఒక్కటి పొడిగా ఉంటే లూదియ పోవచ్చు. లేకపోతే ఆ మాట ఇంట్లో ఇంకెవరూ ఎత్తకూడదు. మేమిద్దరం ఒప్పుకున్నాం.

సరుకు అమ్మడం ఇష్టం లేని రైతు ఎలాంటి ధర చెప్తాడో నాకు తెలుసు. ఆ ధరకు ఎవరూ కొనరని తెలిసే చెప్తాడు. దీనమ్మ దేవుడికి అలాంటి ధర చెప్పింది.

ఆయన కొనేశాడు.

*

తల్లీకూతుళ్లు లోపలికి పోయాక నేను వేపపుల్ల పారేసి కంబళి దగ్గరికి వెళ్లాను.

చింతపండు వ్యాపారంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం, తట్ట పైభాగం చూసి మాట ఇవ్వకూడదని. పైన ఎర్రటి కొత్త పండు పరిచి, అడుగున నిరుటి నల్లపండు కుక్కి తెచ్చేవాళ్లు డెంకణికోట దారి పొడుగునా ఉన్నారు. నవ్వుతూ మాట్లాడుతూనే తట్టను బోర్లించి చూడాలి.

కంబళిని సగానికి మడిచాను.

కింద బండ తడిగా ఉంది.

రాత్రంతా కంబళి అక్కడే ఉండి ఉంటే, దాని కింద బండ పొడిగా, తెల్లగా ఉండాలి. పట్టా కప్పిన చోటు తెల్లవారి ఎలా ఉంటుందో నేను రోజూ చూసేదే. ఇక్కడ మాత్రం చుట్టూ ఉన్న బండకూ కంబళి కింది బండకూ తేడా లేదు. అడుగు బొచ్చుకు ఆ తడి కొద్దిగా అంటుకుని ఉంది.

అంటే మంచు పడేటప్పుడు కంబళి ఇక్కడ లేదు.

"అప్పా ఈరప్పా, నేనేమీ దొంగతనం చెయ్యలేదప్పా."

వెనక చీపురు పట్టుకుని మద్దమ్మ నిలబడి ఉంది. రాత్రి కొట్టంలో కావలి పడుకుని, పొద్దున్నే బండ ఊడ్చే ముసలామె. మా అమ్మతో కలిసి తట్టలు మోసిన మనిషి. గుడిలో నా పేరు దేవసహాయం. ఆమెకూ సంతకూ మాత్రం నేను ఎప్పటికీ ఈరప్పనే.

"చేసినావని ఎవరన్నారు?"

"ఎవురూ అనకముందే చెప్తా ఉండా. నిన్న దీపాలు పెట్టే పొద్దుకు చూస్తే కంబళి బండ మీద ఉండాది. దీనమ్మ ఆరేసి మరిచిపోయిందనుకొంటి. మంచులో ఈ బండ మీద చింతపీచు కూడా ఉండకూడదని నువ్వే కదా అరుస్తావు? తీసి కొట్టంలో తట్టల మీద పెట్టినా."

"మళ్లీ ఎందుకు పరిచినావు?"

ఆమె చీపురును ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"తెల్లారి లేస్తే మీ ఇంటి కంబళి నా పడక పక్కన ఉండాది. నిరుడు గోనెలు పోయినాయే, మీ మేస్త్రి మొదట ఎవురి మూట విప్పించినాడు? నాదే కదా. మీరు లేవకముందే యాడిది ఆడనే పరిచేస్తే ఏ మాటా ఉండదనుకొంటి. కొసలు కూడా లాగి సరిగ్గా పెట్టినా."

"సరిగ్గానే పెట్టినావు. దేవుడు కూడా అంత బాగా పెట్టడు."

"ఏమప్పా?"

"ఏమీ లేదు. ఈ సంగతి ఇంట్లో చెప్పొద్దు."

"తప్పయిందా?"

ఎవరిని తిట్టను? మంచు తగిలితే పండు నల్లబడుతుంది, కాబట్టి పొద్దుగూకాక బండ మీద ఏదీ ఉండకూడదు. ఆ కట్టడి నాది. ఆమె దాన్ని పాటించింది. కంబళి పరిచేటప్పుడు ఈమెకొక మాట చెప్పాలని మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. దేవుడికి చెప్పాం, కావలిమనిషికి చెప్పలేదు.

"తప్పేమీ లేదు. పోయి పని చూసుకో," అన్నాను.

బండ మీద నిలబడి లెక్క వేసుకున్నాను. నేను నోరు మూసుకుంటే కూతురు కోరుకున్న చోటికి పోతుంది, భార్యకు దేవుడు మాట్లాడాడన్న తృప్తి ఉంటుంది, మద్దమ్మ మీదికి ఏ గొడవా రాదు. నోరు విప్పితే అన్నీ పోతాయి. లాభమంతా ఒక్క వైపే ఉంది. నాకు చిరాకు పుట్టించింది అదే. లాభమంతా ఒక్క వైపే కనిపించిందంటే త్రాసులో ఎక్కడో తేడా ఉంటుంది.

*

లోపలికి పోయేసరికి దీనమ్మ అటక మీది నుంచి రేకు పెట్టె దింపుతోంది.

అది ఆమె చెల్లెలు సలోమిది. సలోమి కూడా నర్సే. క్షయ రోగుల వార్డులో పని చేస్తూ ఆ జబ్బు తానే తెచ్చుకుంది. మనిషి తిరిగి రాలేదు, పెట్టె వచ్చింది. ఆ రోజు నుంచి దీనమ్మ కుటుంబ ప్రార్థనలో నోరు తెరిచి ప్రార్థించింది లేదు. నేనో లూదియో ప్రార్థిస్తే చివర ఆమేన్ అనేది. కొన్నిసార్లు అదీ ఉండేది కాదు.

"ఇంట్లో వేరే పెట్టె లేదా?" అన్నాను.

"ఇది గట్టిది."

"నాకు ఇదే కావాల నాయనా," అంది లూదియ. ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. "దేవుడు నాతో మాట్లాడినాడు అంటే ఎంత ఎగతాళి చేసినావు! ఆయన తెలుగులో మాట్లాడినాడా, అరవంలోనా, కన్నడంలోనా అని అడిగినావు."

"ఎగతాళి కాదు. మన ఊళ్లో మూడూ నడస్తాయి కదా, కనుక్కున్నా."

"ఇప్పుడేమంటావు?"

"ఏమీ అనను."

"నువ్వు ఏమీ అనకుండా ఉండే రోజు కూడా వచ్చిందే!" నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, చేతిలో ఉన్న లంగాను ఒళ్లో పెట్టుకుంది. "నాయనా, నిజం చెప్తా. నాకూ అనుమానం ఉన్నింది. వార్డులో తెల్లబట్టలు కట్టుకుని నిలబడినట్ల నేనే అనుకొని, దాన్నే దేవుడు చెప్పినాడని అంటా ఉండానేమో అని. ఎన్నిసార్లు అనుకున్నానో. ఈ పొద్దుతో పోయింది. ఇంగ నాకేం భయం లేదు."

"కంబళి తడిసి ఉంటే?"

"తడవలేదు కదా."

"తడిసి ఉంటే అని అడగతా ఉండా."

"అప్పుడు నా గొంతే అనుకొని ఊరుకునేదాన్ని. ఏమిటికి అట్ల అడగతావు?"

సంతలో నా మాటకు తడుముకోవడం ఉండదు. ఆ రోజు నా కూతురి ముందు తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాను, చెమట లేకపోయినా.

బైబిల్లో ఊదారంగు బట్టలు అమ్ముకున్న ఒక వ్యాపారస్తురాలి పేరని ఆ పిల్లకు లూదియ అని నేనే ఏరి పెట్టాను. దేవుడు ఆమె హృదయం తెరిచాడని కూడా అక్కడే రాసి ఉంది. ఆ వాక్యం నేను అంతగా పట్టించుకోలేదు.

దీనమ్మ వైపు తిరిగాను. "నువ్వేమీ మాట్లాడవే?"

"ఏం మాట్లాడాల?"

"గెలిచినా అరుస్తావు, ఓడినా అరుస్తావు. ఈ పొద్దు గమ్మునుండావు."

"గమ్మునుండినా తప్పేనా? బేరం తెగినంక గొణిగేవాడు మనిషే కాదని నువ్వే కదా అంటావు." పెట్టె అడుగున పాత చీర పరిచి, దాని మీద రవిక పెట్టింది. పెట్టిన రవికను మళ్లీ తీసి, మళ్లీ మడిచింది. "పో, పోయి నీ తూకాలు చూసుకో."

దేవుడి మీద భక్తితో మాటలు పోయాయనుకున్నాను. ఇరవై ఏళ్ల కాపురం చేసినా మనిషి మౌనాన్ని తూచే రాయి నా దగ్గర లేదు.

అసలు నా బాధ వేరు. నేను కూడా మోకాళ్ల మీద కూర్చుంటాను. కళ్లు మూసుకుంటాను. నాకు వినిపించేదల్లా బెంగుళూరు లారీ వచ్చిందా రాలేదా అన్నదే. ఇంట్లో అందరితో మాట్లాడే దేవుడు నాతో ఎందుకు మాట్లాడడు? మాట్లాడితే ఇంత గొడవ ఎందుకు? నేరుగా యజమానికి చెప్పవచ్చు కదా!

*

మధ్యాహ్నం బస్సుకు కృష్ణగిరి నుంచి దేవవరం అయ్యగారు దిగారు. ఆయన శనివారం వచ్చి మా ఇంట్లో బస చేసి, ఆదివారం హోసూరు సంఘానికి ఆరాధన నడిపి వెళ్తారు. కాళ్లు కడుక్కునే లోపలే లూదియ సంగతంతా చెప్పేసింది.

"దేవునికి స్తోత్రం!" అన్నారాయన, చెంబు పట్టుకునే. "అమ్మా దీనమ్మా, రేపు సంఘంలో నువ్వే లేచి సాక్ష్యం చెప్పాల."

"చూస్తాము అయ్యగారూ. కూర్చోండి, సంగటి వేడిగా ఉండాది."

"చూసేదేముందమ్మా? మన కండ్ల ముందర జరిగిన కార్యం. నీ నోట వింటే ఎందరు బలపడతారు!"

"ఉలవచారు పోసేదా?"

అయ్యగారు నా వైపు చూశారు. నేను సంగటి ముద్ద వైపు చూశాను.

భోజనమయ్యాక గుడి తాళం తీయాలని ఆయన బయల్దేరితే నేనూ వెంట నడిచాను. సంతవీధి దాటేవరకు ఊరుకుని అడిగాను.

"అయ్యగారూ, దేవుడు మాట్లాడితే, మాట్లాడింది ఆయనే అని ఎట్ల తెలుసుకునేది?"

"మంచి ప్రశ్న. ఆయన మాట వాక్యానికి ఎదురు పోదు. మనసుకు నెమ్మది ఇస్తుంది. భక్తిగల పెద్దలు వింటే ఔనంటారు."

"నర్సు పని వాక్యానికి ఎదురా?"

"కాదు."

"బిడ్డ తల్లి మాట విని ఇంట్లో ఉండేది?"

"అదీ కాదు."

"ఆ రాయితో తూకం తేలలేదు. ఇంగ నెమ్మది అంటారా, మా లూదియ దగ్గర తట్టెడు ఉండాది. దాని తల్లికి చెల్లెలు పోయినప్పటి నుంచి లేదు. నాకు పుట్టినప్పటి నుంచి లేదు. ఎవరి నెమ్మదిని లెక్కకు తీసుకునేది? పెద్దలంటారా, మీరు కంబళి సంగతి విని ఔనన్నారు. నేను..."

"నువ్వు?"

"నేను దాని కింద చూసినా."

అక్కడే, బండ్లు పోయే దారిలో నిలబడి అంతా చెప్పేశాను. మద్దమ్మ, కొట్టం, మూట, సరిచేసిన కొసలు. అయ్యగారు కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

"ఇప్పుడు చెప్పండి. మాట్లాడింది దేవుడా, మద్దమ్మా?"

ఆయన తొందరపడలేదు. నాకది నచ్చింది, ఒళ్లు మండింది కూడా.

"సంతలో తువ్వాలు కప్పుకొని దాని కింద చేతులు పట్టుకొని బేరం చేస్తారు కదా మీరు," అన్నారు చివరికి. "చూసేవాళ్లకు ఏమీ కనపడదు. ఎదుటివాడు ఎంతకు ఒప్పుకున్నాడో నీకెట్ల తెలుస్తుంది?"

"వేళ్లు చెప్తాయి. ఎంతకు అనేదే కాదు, కండ్లు మూసుకున్నా అది ఎవరి చెయ్యో చెప్తా. బేరిగై నుంచి వచ్చే ఆంజినప్ప గట్టిగా నొక్కతాడు, ఇచ్చేది ఉండదు. నిజంగా ఇచ్చేవాడి చెయ్యి వదులుగా ఉంటుంది."

"మొదటి సంతలోనే తెలిసిందా?"

"యాడ తెలుస్తుంది? ఏండ్ల కొద్దీ పట్టుకొని, మోసపోయి, తెలుసుకున్నా."

"మరి దేవుని చెయ్యి ఎన్నిసార్లు పట్టుకున్నావు ఈరప్పా, ఏదీ కావాల్సిన పని లేనప్పుడు?"

గుడిలో పెట్టిన పేరు వదిలేసి ఆయన నన్ను సంత పేరుతో పిలవడం అదే మొదటిసారి.

"బేరం లేకుండా ఎవరు చెయ్యి పట్టుకుంటారు అయ్యగారూ?"

ఆయన గుడి వైపు నడక సాగించారు. నాకు కోపం ముంచుకొచ్చింది. "నేను జవాబు అడిగితే మీరు ప్రశ్న చేతిలో పెడతారు. రేపు ఆరాధన కాగానే బస్సు. ఇప్పుడు దీనమ్మకు చెప్తే బిడ్డ బతుకుకు అడ్డం పడినట్ల. చెప్పకపోతే ఎవరికి నష్టం?"

"ఆ వార్డులో రేపు బిడ్డకు ఏదన్నా జరిగితే?"

"అట్ల అనొద్దండి."

"జరగకూడదు. జరిగితే, దీనమ్మ ఎవరిని అడుగుతుంది? కంబళి చూపించి నువ్వే కదా పంపించినావని దేవుణ్ణి అడుగుతుంది. ఆయన పంపింటే ఆయనే సమాధానం చెప్తాడు. నువ్వు నోరు మూసుకొని పంపించి, ఆయన పేరు పెట్టొద్దు." కళ్లద్దాలు పెట్టుకున్నారు. "రేపు ఆమెను సాక్ష్యానికి పిలవను. మిగిలింది నీ పని."

గుడి తలుపు తీసి లోపలికి పోయారు. నేను బయటే నిలబడ్డాను. నడిచి వచ్చిన దారంతా తిరిగి నడవాలి, చేతిలో ఏమీ లేకుండా.

*

పొద్దు వాలేసరికి కూలీలు వెళ్లిపోయారు. దీనమ్మ బండ చివర ప్రహరీ పక్కన గోనెసంచులు మడిచి పెడుతోంది. పొద్దున చుట్టి పెట్టిన కంబళి ఆ గోడ మీదే ఉంది.

"దీనమ్మా, ఒక మాట చెప్పాల. విన్నంక అరుచుకో, తిట్టుకో, నీ ఇష్టం. మద్దమ్మను మాత్రం ఏమీ అనకూడదు."

"మద్దమ్మను ఏమిటికి అంటాను? పాపం, కొసలు ఎంత చక్కగా సర్దింది."

ఆమె గోనె మడవడం ఆపలేదు.

"నీకు తెలుసా?"

"మూల ఎత్తినప్పుడే తెలుసు. బండ తడి నా చేతికి తగిలింది. చింతపండు వ్యాపారి పెండ్లాన్ని. ఇన్నేండ్లు ఈ బండ మీదే పొద్దుపుచ్చినా. మంచులో ఉన్నింది ఏదో, పొద్దున తెచ్చి వేసింది ఏదో నాకు తెలీదా? ఆమె తప్ప ఇంకెవరు వేస్తారు?"

"తెలిసి కూడా పంపిస్తాము అన్నావా?"

ఆమె గోనె కింద పెట్టింది.

"ఇది లెక్కకు రాదు అని చెప్పాలనే నోరు తెరిచినా," అంది. "ఆ మాట నాలిక చివరనే ఉన్నింది. గెలిచేసినా అని సంతోషం కూడా అయింది. బయటికి మాత్రం పంపిస్తాము అని వచ్చింది. నేను అనుకున్నది కాదయ్యా. నాకు ఇష్టం లేదు. ఇప్పుడూ లేదు. వెనక్కు తీసుకుందామని పొద్దున నుంచి చూస్తా ఉండా. ఒక్కొక్క రవిక మడిచేటప్పుడు ఇప్పుడు చెప్పేస్తా, ఇప్పుడు చెప్పేస్తా అనుకుంటా ఉండా. నోరు రాలేదు."

"మరి పోవద్దని దేవుడు చెప్పినాడని ఇన్నాళ్లు అరిచినావే?"

"అది సలోమి పోయిన భయం. ఆ గొంతు నాకు బాగా తెలుసు. రోజూ వింటా ఉండేదే, అది నాదే. దానికి దేవుని పేరు పెట్టినా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఈ పొద్దు వచ్చింది ఆ గొంతు కాదు. అరవలేదు, నొక్కలేదు. నా నోట్లోంచే వచ్చింది, నాది కాదు. ఎవరిదయ్యా అది?"

వదులుగా ఉండే చెయ్యి గుర్తొచ్చింది. చెప్పబోయాను. ఆ మాట నాకు తెలిసి చెప్తున్నానో, బేరం నిలబెట్టుకోవడానికి చెప్తున్నానో నాకే తేలక ఊరుకున్నాను.

"అయ్యగారికి చెప్పకుండా సంగటి తినమన్నావే?"

"చెప్తే కంబళి పోతుంది. కంబళి పోతే బిడ్డ..."

దీనమ్మ ఆగిపోయింది. నా భుజం మీదుగా చూస్తోంది.

పెరటి వాకిట్లో లూదియ నిలబడి ఉంది, ఎంతసేపటి నుంచి వింటోందో. రేపు కట్టుకోవలసిన చీర ఆమె చేతుల మీద మడత పెట్టినట్టే ఉంది.

"కింద తడిగా ఉన్నిందా?"

దీనమ్మ వంగి, కింద పెట్టిన గోనె మళ్లీ అందుకుంది.

"అమ్మా, నిన్నే. తడిగా ఉన్నిందా?"

"ఉన్నింది."

"నాయనా, నీకూ తెలుసా?"

"తెలుసు."

"మద్దవ్వకూ తెలుసు. నేనొక్కదాన్నే పొద్దున నుంచి స్తోత్రం, స్తోత్రం అంటా తిరగతా ఉండా." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. "ఎవరికి చెప్పినట్ల అది?"

"నిన్ను పోవద్దని ఎవరన్నారు?" అంది దీనమ్మ. "పో. నేనే చెప్తా ఉండా, రేపు బస్సెక్కి పో."

"నువ్వు పొమ్మంటే పోయేదానికి కాదమ్మా నేను ఇన్నాళ్లు కొట్లాడింది. ఆయన పొమ్మన్నాడని. ఆయన అన్నది యాడ?"

"నా నోట్లో అన్నాడే!"

"నిన్నటిదాకా నీ నోట్లోనే పోవద్దని కూడా అన్నాడు కదా."

వారాల తరబడి ఒకరు పోతానన్నారు, ఒకరు పోవద్దన్నారు. ఇప్పుడు పోవద్దన్న మనిషి పొమ్మంటోంది, పోతానన్న పిల్ల కదలడం లేదు. నాకు పెద్దగా అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఆకాశం వైపు చూశాను. ఎప్పటిలాగే ఆయన నాతో ఏమీ అనలేదు.

లూదియ చీరను గోడ మీద పెట్టి కంబళి తీసుకుంది. బండ నడిమికి పోయి దులిపి పరిచింది. కొసలు వంకరగా పడ్డాయి. సరిచేయలేదు.

"ఏమని అడగతా ఉండావు?" అంది దీనమ్మ. "తడవాలనా, పొడిగా ఉండాలనా?"

"తెలీదు," అంది లూదియ. చీర అక్కడే వదిలేసి లోపలికి పోయింది. కాసేపటికి రేకు పెట్టె మూత పడిన చప్పుడు వినిపించింది. మూసి తాళం వేసిందో, విప్పి బట్టలు తీసేసి మూసిందో బయటికి తెలియలేదు.

కొట్టం వైపు నుంచి మద్దమ్మ చాప చంకన పెట్టుకుని వచ్చింది. బండ నడుమ కంబళిని చూసి ఆగింది. తల ఎత్తి గాలిని చూసింది. చల్లదనం అప్పుడే చేతులకు తగులుతోంది.

"మంచు దిగతా ఉండాది. అప్పా ఈరప్పా, దీన్ని తీసేదా, ఉండనిచ్చేదా?"

నేను దీనమ్మ వైపు చూశాను. దీనమ్మ నా వైపు చూసింది.

"ఎవురన్నా ఒకరు చెప్పండప్పా," అంది మద్దమ్మ. "తెల్లారినంక మళ్లా నా మీదికి రాకూడదు."